ఏం కావాలె తల్లీ

ఆ ఇంట్లో జ్వరం కూడా వరస తప్పలేదు. అందరూ తిని లేచాక కోడలు కంచం ముందేసుకున్నట్టు, అందరికీ వచ్చి పోయాక ప్రవీణకు వచ్చింది. ముందు మొగుడు నగేశ్‌కు. మగమనిషి జ్వరం కదా, ఇల్లంతా దాని చుట్టే తిరిగింది. జావ కాచడం, కాళ్ళు పిసకడం, ఫ్యాను పెంచడం, ఫ్యాను తగ్గించడం. తర్వాత కూతురు రమ్యకు. ఆ తర్వాత అత్త పూలమ్మకు. ముగ్గురి దుప్పట్లు ఉతికి, ముగ్గురికీ మూడు రకాల పథ్యం వండి పెట్టి, చివరికి తన ఒళ్ళు పెనంలా కాలుతుంటే ప్రవీణ పొయ్యి దగ్గర నిలబడి పప్పుకు తాలింపు పెడుతోంది. పూలమ్మ గడపలో కూర్చుని ఆమెను ఎగాదిగా చూసి, "జరమొచ్చిన మనిషి తీర్గ లేవు గదనే, మంచిగనే తిరుగుతున్నవ్" అంది. తిరక్కపోతే తాలింపు మాడుతుంది మరి.

ఒకరోజు పొద్దున పూలమ్మ వచ్చి కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త చెయ్యి తన నుదుటి మీద పడటం ప్రవీణకు అదే మొదలు. కళ్ళు మూసుకుంది. "సల్లగనే ఉన్నది. బొంతలు నానవెట్టు, ఎండ మంచిగ కొడుతున్నది" అని పూలమ్మ చెయ్యి తీసేసింది. అలా ప్రవీణ జ్వరం తగ్గింది.

వాళ్ళు నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్ వెనక గల్లీల్లో కిరాయికి ఉంటారు. నగేశ్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ప్రవీణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో, మూడో అంతస్తులో, పట్టుచీరల కౌంటర్ దగ్గర నిలబడుతుంది. పని చేస్తుంది అనడం కంటే నిలబడుతుంది అనడమే సరి. ఆ షాపులో సేల్స్ ఆడవాళ్ళు కూర్చోకూడదు. కస్టమర్ వచ్చేసరికి కూర్చుని ఉంటే లక్ష్మి వెనక్కి పోతుందట. లిఫ్టు ఎక్కకూడదు, అది కస్టమర్లకు. వాళ్ళకు వెనక మెట్లున్నాయి, చీకటిగా, సగం మెట్ల మీద అట్టపెట్టెలతో. అసలే ఆషాఢం ఆఫర్లు నడుస్తున్నాయి, జనం బర్రెల మందలా ఎగబడుతున్నారు. ఒక్కొక్కరికీ ముప్పై చీరలు విప్పి చూపించి, వాళ్ళు మూతి విరిచి పోయాక ముప్పై చీరలూ మడత పెట్టి, బొత్తిని ఎత్తి పై అరలో పెట్టాలి.

ఆ మెట్ల మీదే ఆమెకు మొదటిసారి తెలిసింది. రోజూ ఎక్కే మెట్లే. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంది. ఆగి గోడ పట్టుకుంది. గుండె పరుగెత్తి, పరుగెత్తి, నడుమ ఒక అడుగు మరచిపోయినట్టు ఆగి, మళ్ళీ దబ్బున కొట్టుకుంది. ఇదేదో కొత్తది. అలుపు ఆమెకు తెలుసు, అలుపుతోనే ఆమె కాపురం చేసింది. నిద్ర చాలని అలుపు, ఉపవాసం అలుపు, నెలసరి అలుపు, అన్నీ ఇంట్లో మనుషుల్లాగా ఆమెకు ముఖపరిచయమే. ఇది వాటిలో ఏదీ కాదు. ఆ సంగతి ఆమె ఒంటికి తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మనసుకే ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, లేచి ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. సాయంత్రానికి పాదాలు పొంగిపోయి మట్టెలు వేళ్ళలోకి దిగేవి. బిందెడు నీళ్ళు లోపలికి తెచ్చేసరికి కళ్ళ ముందు నల్లటి చుక్కలు. నగేశ్‌కు చెప్తే ఫోన్లోంచి తల ఎత్తకుండానే గ్యాస్ అన్నాడు, ఒక సోడా తాగమన్నాడు. పూలమ్మకు చెప్తే, ఈ కాలం ఆడపిల్లలకు పాణం అంటే శానా ముద్దని, తను పురుడైన మూడోనాడు నాట్లకు పోయిందని మొదలుపెట్టింది. ఆ నాట్ల కథ ప్రవీణ వినని వారం లేదు. ఒకనాడు మరీ ఆయాసపడుతుంటే నగేశ్ గల్లీ చివర ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ప్రవీణ ముఖం చూసి ఏమైందమ్మా అని అడిగాడు. జవాబు నగేశ్ చెప్పాడు. ఏ వేళకు తింటావమ్మా అంటే దానికీ నగేశే చెప్పాడు. ఆమె బల్ల మీద కూర్చుని, తన ఒంటి గురించి ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే, పక్కింటి సంగతిలా విన్నది. గ్యాస్ గోళీలతో ఇల్లు చేరింది.

షాపులో ఒకసారి చీరల బొత్తి మీద అర నిమిషం కూలబడింది. ఫ్లోర్ ఇన్‌చార్జి గౌతమ్, తమ్ముడి వయసువాడు, నలుగురు కస్టమర్ల ముందే వచ్చి, "అక్కా, కూసునుడుంటే ఇంటికాడ కూసో, రోజంత కూసో" అన్నాడు. కస్టమర్లలో ఒకావిడ నవ్వింది. ప్రవీణ లేచి, ఆవిడ అడిగిన నెమలికంఠం రంగు చీర పై అరలోంచి తీసి ఇచ్చింది.

బస్తీ దవాఖానకు ఆమె ఎవరికీ చెప్పకుండానే పోయింది. అక్కడ డాక్టర్ బిందుమాధవి అని గుంటూరు వైపు అమ్మాయి. చెప్పింది అడ్డు రాకుండా విని, "ఈమధ్య జ్వరం ఏమన్నా వచ్చి తగ్గిందా?" అని అడిగింది. వచ్చిందంది ప్రవీణ. పడుకుంటే ఎక్కువవుతుందా, ముందుకు వంగితే నయంగా ఉంటుందా, కాళ్ళు ఎప్పటి నుంచి వాస్తున్నాయి అని అడుగుతూనే నాడి పట్టింది, పాదం మీద వేలితో నొక్కి ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. ప్రవీణకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. తన ఒంటి సంగతి ఒకరు తననే అడుగుతున్నందుకు.

"వైరల్ జ్వరం తగ్గాక కొంతమందికి గుండె కండరం వాస్తుందండీ. అందరికీ రాదు. వచ్చినా తొందరగా పట్టుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. కానీ ఛాతీ నొప్పి, ఆయాసం, దడ, కాళ్ళ వాపు, మీకు అన్నీ కనబడుతున్నాయి. ఇది గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళి ఈసీజీ, ఎకో తీయించుకోండి. అప్పటిదాకా బరువు ఎత్తొద్దు, మెట్లెక్కొద్దు" అని బిందుమాధవి చీటీ రాసి ఇచ్చింది.

ఆ మాటలు ప్రవీణ దారి పొడుగునా వల్లించుకుంటూ ఇంటికి వచ్చి, ఒక్కటి కూడా వదలకుండా అప్పజెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "గుండె వాసుడేందే? కాలు వాస్తది, సెంప వాస్తది, గుండె వాస్తదా?" అని నగేశ్ నవ్వాడు. పోనీ పోదాం, ఆదివారం బోనాలు కానీ, సోమవారం పోదాం అన్నాడు. పూలమ్మ చీటీ వైపు కూడా చూడలేదు. ఇంట్లో అందరూ జ్వరాలతో పడి ఉన్నప్పుడు ఆమె మైసమ్మకు మొక్కుకుంది: ఇంటిల్లిపాదినీ సల్లగా చూస్తే, మట్టికుండ కాదు, ఇత్తడి బిందెతో బోనం చేయిస్తానని. మొక్కు అత్తది, నెత్తి కోడలిది. ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు, ఇంట్లో అందరి జ్వరాలూ తిరిగి తిరిగి ప్రవీణ నెత్తికే వచ్చాయి. బరువు ఎత్తొద్దన్నారు అత్తమ్మా, ఈసారికి వేరేవాళ్ళతో ఎత్తిద్దామని బతిమాలింది. పూలమ్మ మొఖం మాడ్చుకుంది. బోనం ముత్తైదువ ఎత్తాలి, మొక్కిన ఇంటి ముత్తైదువే ఎత్తాలి, అమ్మకు బాకీ పడితే రేపు మళ్ళీ రమ్యకు జ్వరం వస్తుంది, అప్పుడు నీ డాక్టరమ్మ వస్తుందా అంది. రమ్య పేరు తెచ్చాక ప్రవీణ ఇంకేం మాట్లాడుతుంది.

ఒక్కతే పోయి ఉండవచ్చు కదా అంటారు. అనేవాళ్ళు అంటారు. పెద్దాసుపత్రికి ఒంటరిగా పోయిన ఆడదాన్ని, వెంట ఎవరొచ్చారమ్మా అని కిటికీ కిటికీకీ అడుగుతారు. గౌతమ్‌ను సెలవు అడిగితే, ఆదివారం బోనాలకని ఇచ్చిందే ఎక్కువ, ఆషాఢం అయ్యేదాకా ఇంకో పూట కుదరదన్నాడు. అవన్నీ కాదు, అసలు కారణం వేరు. నగేశ్ మాటే నిజమైతే బాగుండునని ఆమెకూ ఉంది. గ్యాస్ అయితే ఎంత బాగుండు. మనల్ని నమ్మనివాళ్ళ మధ్య చాలాకాలం బతికితే మనకు మనమీదే నమ్మకం పోతుంది. ఆ నాలుగు రోజులూ ఆమె సోడా తాగింది.

ఆదివారం పొద్దున లేచి ఇల్లు కడిగి, తలంటుకుని, కొత్త బియ్యంతో బెల్లమన్నం వండింది. ఆ అన్నం బిందెలో నింపి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపం వెలిగించి బిందె సిద్ధం చేసింది. బోనం ఒప్పజెప్పేదాకా ఎత్తేవాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. వండింది ఆమె, ఎత్తేది ఆమె, ఉపవాసం ఆమె. మొక్కుకున్న పూలమ్మ షుగర్ ఉందని ఇడ్లీ తిన్నది. నగేశ్ పొద్దుటే డప్పులవాళ్ళతో కలిశాడు, వాడి నోటి వాసన గల్లీ మొగదాకా వస్తోంది.

బిందె నెత్తికి ఎత్తించుకున్నప్పుడే మెడ నరాలు తన్నుకున్నాయి. చెప్పుల్లేని పాదాలు, వాచి, తారు రోడ్డు మీద మెత్తగా చప్పుడు చేస్తున్నాయి. మైసమ్మ గుడి మెయిన్ రోడ్డు అవతల, ఎత్తు మీద ఉంది. సగం దారి దాకా ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో బిందె పట్టుకుంది, రెండో చెయ్యి రొమ్ము మీదికి పోతోంది. గుండె కొట్టుకోవడం డప్పులకు అడ్డంగా, ఏ దరువుతోనూ కలవకుండా ఉంది. జర దించుండ్రి అత్తమ్మా అంది. నడుమ దించితే అరిష్టమని, నాలుగడుగులే ఉన్నాయని, పూలమ్మ ఆమె మోచెయ్యి పట్టి నెట్టింది. నగేశ్‌ను పిలిచింది. నగేశ్ ముందు ఎగురుతున్నాడు, డప్పుల్లో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.

ఎత్తు ఎక్కుతుంటే రోడ్డు పక్కకు ఒరిగింది. మోకాళ్ళు వణికాయి, తల వెనక్కి వాలింది, కళ్ళు పైకి పోయాయి. నోరు తెరిచి గాలి కోసం, హా, హా అని రొప్పుతోంది. బిందె జారకుండా నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో "అమ్మొచ్చింది" అన్నారు.

ఇక ఆమెను కాపాడేవాళ్ళు లేకపోయారు. డప్పులు వచ్చి చుట్టూ నిలబడి చెవుల్లో వాయించడం మొదలుపెట్టాయి. కూర్చోబోతే చంకల కింద చేతులేసి లేపారు, అమ్మ కూర్చోదు. జడ ముడి ఊడదీశారు. ఎవరో నిప్పులమీద సాంబ్రాణి చల్లి, ఊపిరి కోసం తెరిచిన ఆ నోటి ముందు పట్టారు. ఊదుపొగ లోపలికి పోయి, ఆమె దగ్గుతూ గిలగిల్లాడింది. గిలగిల్లాడిన కొద్దీ అమ్మ బలంగా వచ్చిందని ఇంకొంచెం చల్లారు. పూలమ్మ పసుపునీళ్ళ చెంబుతో ముందుకొచ్చి, కోడలి వాచిన పాదాల మీద సాక పోసింది. పాదాలు చూసింది. ఎంత నిండుగున్నయో అమ్మ పాదాలు అని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత పూలమ్మ చేతులు జోడించి అడిగింది. "ఏం కావాలె తల్లీ? ఏం తక్కువ చేసినం? అడుగు."

ఏం కావాలె. ఆ మాట ఆ పొగలోంచి, ఆ మోతలోంచి ప్రవీణ చెవిన పడి నేరుగా గుండెల్లో దిగింది. ఇన్నేళ్ళ కాపురంలో, కన్నప్పుడు గానీ, కడుపు పోయినప్పుడు గానీ, చీర కొన్నప్పుడు గానీ, ఒక్కరంటే ఒక్కరు ఆమెను ఆ మాట అడగలేదు. ఊపిరి కూడదీసుకుని నిజం చెప్పింది. "నేను ప్రవీణను అత్తమ్మా. పాణం పోతున్నది. కూసోవెట్టుండ్రి."

పూలమ్మ చేతులు దించింది. ఆమె ముఖంలో భక్తి పోయి విసుగు వచ్చింది. అమ్మ ఇంకా సరిగ్గా దిగలేదు, పిల్ల ఒదలట్లేదు అంది పక్కనున్న ఆవిడ. నగేశ్ ఒక నిమ్మకాయ కోసి ఆమె నోట్లో పిండాడు. డప్పులవాళ్ళకు ఇంకా గట్టిగా కొట్టమని సైగ చేశాడు. మళ్ళీ సాంబ్రాణి. జనం కాళ్ళ సందుల్లోంచి రమ్య కనబడింది. బిడ్డ రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, తల్లికి మొక్కుతోంది.

అప్పుడు ప్రవీణకు అర్థమైంది. ఇంకో రెండుసార్లు తను ప్రవీణనని చెప్తే, ఇక్కడే, ఈ పసుపునీళ్ళలోనే చచ్చిపోతుంది. చచ్చాక అమ్మ తీసుకుపోయిందంటారు. చెప్పుకోవడానికి బాగుంటుంది కూడా. ఆమెకు భయం వేసింది, దాని వెనకే పట్టరాని కోపం వచ్చింది. ఉన్న ఊపిరంతా పొత్తికడుపులోంచి లాగింది. ఆయాసంతో గీరుకుపోయిన గొంతు ఆమెది కానట్టే ఉంది.

"పూలమ్మా" అంది.

డప్పులు ఆగాయి. అత్తను పేరు పెట్టి పిలిచే కోడలు ఆ గల్లీలో లేదు.

"నేను మైసమ్మను. దించు నా బోనం." నలుగురూ ఎగబడి దించారు. "యాడున్నడు నగేశ్? నువ్వు ముంగటికి రా బాలుడా."

నగేశ్ వచ్చి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి తాగుడు సగం దిగిపోయింది.

"ఈ బిడ్డ గుండె వాసింది. నీకు చెప్పింది, నవ్వినవ్. ఇప్పుడే పెద్ద దవాఖానకు తోల్కపో. పొద్దు గూకేదాన్క ఆగినవంటే నీ గడపల దీపముండదు, చెప్తున్న."

అంతే. ప్రవీణ బతిమాలితే నాలుగు రోజులు కదలని ట్రాలీ ఆటో నాలుగు నిమిషాల్లో వచ్చింది. బోనాన్ని పక్కింటావిడ నెత్తికెత్తారు, ముత్తైదువ ఎవరైనా పరవాలేదని అప్పటికప్పుడు తేలింది. ముఖమంతా పసుపుతో, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా, ప్రవీణ ట్రాలీలో ముందుకు వంగి కూర్చుంది. దారి పొడుగునా నగేశ్ ఆమెను తల్లీ అనే పిలిచాడు.

దవాఖానలో ఛాతీ మీద వైర్లు అంటించి ఈసీజీ తీశారు, రక్తం తీశారు, ఎకో తీశారు. గుండె కండరం బాగా వాచి ఉంది, రక్తాన్ని నెట్టే బలం సగానికి పడిపోయింది, జ్వరం తాలూకు వైరస్ చేసిన పని ఇది అన్నాడు పెద్ద డాక్టరు. బస్తీ దవాఖానలో ఆ అమ్మాయి చెప్పిందే, అక్షరం పొల్లు పోకుండా. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది అని అడిగితే, నగేశ్ చేతులు కట్టుకుని, ఇయ్యాల్నే సార్, పొద్దుగాల దాన్క మంచిగనే ఉండె అన్నాడు. ప్రవీణ ముక్కు మీది మాస్కు పక్కకు జరిపి, జ్వరం తగ్గిన కాడి నుంచి అని చెప్పింది. డాక్టరు నగేశ్ వైపే చూసి తలాడించి రాసుకున్నాడు.

ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. గల్లీ ఆడవాళ్ళు పండ్లు పట్టుకుని వచ్చారు. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. దుప్పటి పైకెత్తి పాదాలకు మొక్కారు. ఒకావిడ కొడుక్కి కోచింగ్ కలిసొస్తుందా అని అడిగింది. ఇంకొకావిడ మొగుడి తాగుడు ఎప్పుడు మానుతుందని. గౌతమ్ ఫోన్ చేసి, నీ కౌంటర్లో వేరే పిల్లను పెట్టినం అక్కా, ఏమనుకోకు అని, గొంతు తగ్గించి, ఈ ఏడు మన షాపు గిరాకీ గురించి అమ్మ ఏమన్నా చెప్పిందా అన్నాడు. పూలమ్మ అప్పుడే అందరికీ చెప్పేస్తోంది: డిశ్చార్జి కానీ, మంగళవారం మంగళవారం ఇంట్లో గద్దె వేయిస్తానని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడలు కూర్చుని అందరికీ చెప్తుందని. దేవత అయినా చాకిరీ తప్పలేదు ప్రవీణకు. వంట చేసి, అంట్లు తోమి, ఆపైన ఊరందరి కష్టాలు వినాలి.

వచ్చినవాళ్ళంతా పోయాక, మొగుడూ అత్తా మాత్రం ఉన్నప్పుడు, ఆమె చెప్పేసింది. అబద్ధంతో బతకడం ఆమెకు చేతకాదు. "ఆనాడు అమ్మ రాలే. నేనే అన్న. నా మాట మీరు వింటలేరని అన్న."

నగేశ్ ముఖం నల్లబడింది. కొంచెం సేపు ఆమె ఛాతీ మీది వైర్ల వైపూ, గోడ వైపూ చూశాడు. "అంటే, గంత మంది ముంగట నాతోటి మోకాళ్ళ మీద మొక్కిచ్చుకున్నవా? అబద్ధమాడి దవాఖానకు తెప్పిచ్చుకున్నవా?" అన్నాడు. ఆమె గుండె సగమే పనిచేస్తోందన్న సంగతి కంటే వాడికి అదే పెద్ద నష్టంగా కనబడింది. చెయ్యి లేచేదే. పూలమ్మ అడ్డం వచ్చింది.

"పిచ్చోడా, అమ్మ ఒచ్చినోళ్ళకు యాదుంటదా? అది ఏదో పలవరిస్తున్నది. పో, చాయ్ తే" అని కొడుకును బయటికి నెట్టింది.

వాడు పోయాడు. పూలమ్మ మంచం మీద కూర్చుని, కోడలి నోటి మీద చెయ్యి అదిమి పెట్టింది. "ఇంకోపారి నేనే అనకు. మీ మామ ఉన్నన్నాళ్ళు నాకు ఏటా అమ్మ వస్తుండె. అమ్మ వచ్చిన నెల దినాలు ఆయన నా మీద చెయ్యి లేపకపోతుండె. ఆయన పోయినంక మళ్ల రాలె." తలుపు వైపోసారి చూసుకుంది. "నాకు మంచిగ యాదుంటుండె. ఎవ్వరికీ చెప్పలే."

ప్రవీణ ఆ చెయ్యి తీసేసింది. ఆమెకు జాలి కలగలేదు. "అన్ని తెల్సి ఉండి, నేను నేనే అన్నప్పుడు ఎందుకు వినలే అత్తమ్మా? నా పాణం పోతుంటే పొగ వెట్టిచ్చినవ్."

పూలమ్మ ఆ ప్రశ్నకు నిజంగా ఆశ్చర్యపోయింది. "నేను నేనే అంటే నా మాట ఎవరన్న విన్నరానే?" అంది. తనకు దొరకనిది కోడలికి ఎందుకు దొరకాలో ఆ ముసలిదానికి ఎంత ఆలోచించినా అందలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. ఆరు నెలలు పూర్తి విశ్రాంతి. బిందె ఎత్తకూడదు, బట్టలు పిండకూడదు, నిలబడి పని చేయకూడదు, మాత్రలు ఒక్క పూట తప్పకూడదు. గుండె ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది, మళ్ళీ ఒత్తిడి పడితే నిలబడదు. చెప్పి, ఫైలు మూసి, "ఇంట్లో ఈమెను ఎవరు చూసుకుంటారు?" అని అడిగాడు.

ముగ్గురూ ప్రవీణ వైపు చూశారు. నగేశ్, పూలమ్మ, చివరికి రమ్య కూడా. ఉప్పు ఎక్కడుందో, కరెంటు బిల్లు ఎక్కడుందో, ఇంట్లో పనికి సంబంధించిన ఏ ప్రశ్నకైనా అలవాటుగా చూసినట్టే చూశారు.

"ఆరు నెలలంటే ఎట్లయితది సార్" అన్నాడు నగేశ్. "ఇంటికాడ పనులుంటయి గద. సిన్న సిన్న పనులు చేస్తే ఏం కాదు గద సార్?"

ప్రవీణ నోరు తెరిచింది. నాకు చాతకాదు, నన్ను పడుకోనియ్యుండ్రి, నాకు బతకాలని ఉంది. ఆ మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. నగేశ్ ముఖం చూసింది. వాడి ముఖంలో ఆ మాటలకు చోటు లేదు. రమ్య ముఖం చూసింది. ఈ బిడ్డ పెద్దయ్యేదాకా బతకాలి. ఒక్కసారి తలుపు దగ్గరున్న అత్త వైపు చూసింది. పూలమ్మ కళ్ళు దించుకుంది. ప్రవీణ కళ్ళు మూసి, ఊపిరి నిండా పీల్చి, తల వెనక్కి వాల్చింది.

"నగేశూ" అంది, ఆ గొంతుతో.

డాక్టరు బిత్తరపోయాడు. నర్సు చేతిలో సిరంజి అలాగే ఆగింది. నగేశ్ చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

"ఆర్నెల్లు ఈ బిడ్డ పొయ్యి ముట్టది, బిందె ఎత్తది. వంట నువ్వు చేస్తవ్. బట్టలు నువ్వు పిండుతవ్. మంగళారం గద్దె లేదు, గిద్దె లేదు. నేను చూస్తుంట."

"అట్లనే తల్లీ" అన్నాడు నగేశ్. వెనక నుంచి పూలమ్మ కూడా అంది, వాడికంటే ముందే చేతులు జోడించి. రమ్య మళ్ళీ కళ్ళు మూసుకుని మొక్కింది. ప్రవీణ ఆ చిన్న చేతులు విడదీయాలనుకుంది, నేను మీ అమ్మనే బిడ్డా అనాలనుకుంది. అనలేదు. ఆ ఒక్క మాటతో అంతా పోతుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రవీణ గొంతు ఎవరూ వినలేదు. అంతకుముందు మాత్రం ఎవరు విన్నారు గనక.